కప్పు లెక్క

నా చేతిసంచిలో ఎప్పుడూ ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. మూత బిగించుకునే రకం. బయట టీ తాగినా కాఫీ తాగినా అందులోనే పోయించుకుంటాను. ఈ అలవాటు మంచిదేనని ఇవాళ్టికీ నా నమ్మకం, వదులుకునే ఉద్దేశమూ లేదు. కాని ఆ గ్లాసు పట్టుకుని అమీర్‌పేటలో ఒక కాఫీ కౌంటరు దగ్గర నేను ప్రవర్తించిన తీరు మాత్రం తెలివితక్కువ తీరు. చూసినవాళ్లెవరికీ నా పేరు తెలియదు కాబట్టి చెప్పకుండా ఊరుకోవచ్చు. ఊరుకుందామనే కొన్నాళ్లు చూశాను, మనసొప్పలేదు.

గ్లాసు సంగతి ముందు చెప్పాలి. పేపర్ కప్పు అని మనం అనేది ఒట్టి కాగితం కాదు. ఒట్టి కాగితమైతే వేడి కాఫీకి మెత్తబడి కారిపోతుంది. అందుకని లోపలివైపు పల్చటి పాలిథిన్ పొర అతికిస్తారు. వాడేసిన కప్పుని నీళ్లలో నానబెట్టి చింపి చూడండి, కాగితం పీచుపీచుగా ఊడొస్తుంది, ఆ పొర మాత్రం సాగుతుంది. ఆ పొర వల్లే ఈ కప్పు పాత పేపర్లలో కలవదు. కాగితాన్నీ పొరనీ విడదీసే ఏర్పాటు ప్రత్యేకంగా ఉన్న మిల్లు తప్ప దాన్ని గుజ్జు చేయలేదు. 2020 చివర్లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధన ఒకటి వార్తల్లోకి వచ్చింది. 85 నుంచి 90 డిగ్రీల వేడి ఉన్న నీళ్లు 100 మిల్లీలీటర్లు ఇలాంటి కప్పులో పోసి పావుగంట ఉంచితే, కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు సుమారు 25,000 ఆ నీళ్లలోకి చేరాయని వాళ్లు తేల్చారు. ఆ వార్త చదివిన రోజు నా బల్ల మీద చల్లారుతున్న కాఫీ పేపర్ కప్పులోనే ఉంది. గ్లాసు కొన్నది ఆ తర్వాతే.

2022 జులై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, స్ట్రాలు, చక్కెర కలుపుకునే పుల్లలు నిషేధించారు. పేపర్ కప్పు ఆ జాబితాలో లేదు. తమిళనాడు మాత్రం 2019 జనవరి 1 నుంచే ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పుని కూడా వద్దంది. ఇక్కడ మా వీధి చివరి టీకొట్టులో కరోనాకి ముందు గాజుగ్లాసులే ఉండేవి. 2020లో పేపర్ కప్పులు వచ్చాయి, రోగం పోయినా కప్పులు పోలేదు.

మా చెల్లెలి కొడుకు జర్మనీలో, ఫ్రైబర్గ్‌లో ఎంఎస్ చదువుతున్నాడు. ఆ ఊళ్లో 2016లోనే ఒక పద్ధతి పెట్టారు. ఒక యూరో డిపాజిట్ కడితే మళ్లీ మళ్లీ వాడుకునే కప్పులో కాఫీ ఇవ్వడం ఆ పద్ధతి. తాగేశాక ఆ పథకంలో ఉన్న ఏ కొట్లోనైనా కప్పు ఇచ్చేసి యూరో వెనక్కి తీసుకోవచ్చు. 2023 జనవరి 1 నుంచి జర్మనీ అంతటా చట్టమే వచ్చింది. కాఫీగాని భోజనంగాని పార్సిల్ ఇచ్చే కొట్లు, తిరిగివాడే గిన్నెలో కప్పులో కూడా ఇవ్వాలి. ఐదుగురికి మించి పనివాళ్లు, 80 చదరపు మీటర్లకి మించి జాగా లేని చిన్నకొట్లకి ఆ బరువు తీసేశారు గాని, కొనేవాళ్లు సొంత గిన్నె తెచ్చుకుంటే అందులో పోసి తీరాలి. వాడు ఇదంతా ఫోన్లో చెబుతుంటే నాకు ఆశ పుట్టింది. ఒక్కొక్కరం గ్లాసు పట్టుకెళ్లి అడగడం మొదలుపెడితే మన దగ్గర మాత్రం ఎందుకు కాదు అనుకున్నాను.

అడగడం మొదలుపెట్టాను కూడా. టీబండ్ల దగ్గర ఏ ఇబ్బందీ రాలేదు. గ్లాసు ముందుకి చాపగానే పోసేవాళ్లు. ఒకాయన, కప్పు మిగిలింది కదమ్మా అని ఇంకో గుక్క ఎక్కువ పోశాడు. నేను చెప్పేది న్యాయంగా ఉంది కాబట్టే అందరూ ఒప్పుకుంటున్నారని నాకు అనిపించేది. బండి ఆయనదే, పాలు ఆయనవే, కప్పుల డబ్బు ఆయన జేబులోదే, కాబట్టి నా గ్లాసులో పోయడానికి ఆయన ఎవర్నీ అడగక్కర్లేదన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. నా తెలివితక్కువతనం అక్కడే మొదలైంది, అమీర్‌పేటలో కాదు.

మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే మెట్రో, నాగోలు నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో కలిసేది అమీర్‌పేట స్టేషన్లోనే. పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ స్టేషను మెట్ల కింద నిలబడే చోటు ఉండదు. కోచింగులకి వెళ్లే పిల్లలు, హైటెక్ సిటీ ఉద్యోగాలకి పరిగెత్తేవాళ్లు, నాలాగా రైలు మారేవాళ్లు. అక్కడికి దగ్గర్లోనే ఆ కాఫీ కొట్టు. కూర్చోవడానికి కుర్చీ ఉండదు. నిలబడి తాగేవాళ్లూ తక్కువే, ఎక్కువమంది కప్పు పట్టుకుని నడిచిపోతుంటారు. ఒక పక్క బిల్లు కొట్టే కుర్రాడు. డబ్బు పడినప్పుడల్లా ముప్ఫై రూపాయలు అందాయని చెప్పే చిన్న పెట్టె అతని పక్కన మాట్లాడుతూనే ఉంటుంది. ఇంకో పక్క కాఫీ కలిపే కుర్రాడు.

ఆ కాఫీ కలిపే పని కాసేపు నిలబడి చూడాల్సింది. చీటీ అందుకుని ఇనప చువ్వకి గుచ్చుతాడు. దొంతరలోంచి కప్పు తీస్తాడు. అడుగున చక్కెర, దాని మీద డికాక్షన్, దాని మీద పొగలుకక్కే పాలు, ఒక్కసారి మగ్గులోకి వంచి మళ్లీ ఎత్తునుంచి కప్పులోకి పోస్తాడు, నురగ అంచుదాకా వచ్చి ఆగుతుంది. మూత నొక్కి ముందుకి తోస్తాడు. తోస్తుండగానే రెండో చెయ్యి తర్వాతి చీటీ కోసం చాచి ఉంటుంది. అతని చూపు మనిషి మొహం దాకా రాదు, చీటీ దగ్గర మొదలై కప్పు దగ్గర ఆగిపోతుంది. అంత రద్దీలో అంతకన్నా పైకి చూడటానికి అతనికి తీరిక లేదు.

నా వంతు వచ్చింది. చీటీతో పాటు గ్లాసు కూడా పెట్టాను.

"బాబూ, ఇందులో పొయ్యి."

"కప్పుల పోసిస్త మేడం, అందుల వంపుకోండ్రి."

"కప్పే వద్దంటున్నాను. నేరుగా ఇందులో పోస్తే నీకేం పోయింది?"

"కప్పులకు లెక్కుంటది మేడం."

ఈ మాట చెవిన పడింది. మనసుకి పట్టలేదు. లెక్క అంటే డబ్బే కదా, డబ్బు కట్టేశాను కదా అన్నాను. అతను వెనక లైనుకేసి ఒకసారి చూసి, మళ్లీ అదే మాట ఇంకా మెల్లగా చెప్పాడు. అప్పుడు నేను 25,000 రేణువుల సంగతి ఎత్తుకున్నాను. పాలిథిన్ పొర గురించి చెప్పాను. జర్మనీ చట్టం గురించి కూడా చెప్పాను. నా గొంతు పెద్దదైంది. ఆ మాటలు అతనికోసం అనడం లేదని, నా వెనక నిలబడ్డ పదిహేనిరవై మందికి వినపడాలని అంటున్నానని ఆ క్షణంలో నాకు తెలుసు. తెలిసీ ఆపలేదు. చదువుకున్న వాళ్లంతా ఉన్న లైను, ఎవరో ఒకరు అవును మేడం అంటారని ఎదురుచూశాను. వెనకనుంచి వచ్చింది వేరే మాట. "అరే, జల్దీ పోసి పంపియ్ భాయ్."

అతను తనకి చేతనైన రాజీ చూపించాడు. పేపర్ కప్పులో కాఫీ కలిపి, నా గ్లాసు మీదికి వంచాడు. కప్పు వాడేశాక గ్లాసులో పోస్తే ఇంకేం లాభమని చటుక్కున గ్లాసు వెనక్కి లాగాను. కాఫీ బల్ల మీద పడింది, అతని వేళ్ల మీదా పడింది. ఒక్కసారి చెయ్యి విదిలించాడు, అంతే. నోరెత్తలేదు. గుడ్డతో బల్ల తుడిచాడు, ఖాళీ కప్పు పక్కన పెట్టాడు, దొంతరలోంచి ఇంకో కప్పు తీసి ఇంకో కాఫీ కలిపాడు, మూత నొక్కి నా ముందు పెట్టాడు. గ్లాసు వైపు చూడలేదు.

నా వెనక ఒక అమ్మాయి ఉంది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి. సర్టిఫికెట్లు బయటికి కనిపించే ప్లాస్టిక్ ఫోల్డరు గుండెకి ఆనించి పట్టుకుంది, చేతిలో బిల్లు చీటీ. ఇదంతా జరుగుతుంటే ఫోన్లో టైము చూసుకుంటూ నిలబడింది. పైన రైలు వచ్చిన చప్పుడు వినిపించగానే ఆ చీటీ తడిబల్ల మీద పెట్టేసి మెట్లవైపు పరిగెత్తింది. డబ్బు వెనక్కి అడగలేదు. ఆమె ఎటు వెళుతుందో, ఆ ఫోల్డరు ఎవరికి చూపించాలో నాకు తెలియదు. కాఫీ తాగి వెళ్లాల్సిన మనిషి నా వల్ల తాగకుండా వెళ్లింది, అంతవరకు తెలుసు.

ఆ రెండో కప్పు కాఫీ నేను తీసుకున్నాను. మెట్ల పక్కన నిలబడి, ఆ పేపర్ కప్పులోనే తాగాను. గ్లాసు తడవనైనా తడవలేదు. ఒక కప్పు ఆపుదామని మొదలుపెట్టిన దాన్ని రెండు కప్పులు చెత్తలో వేయించాను.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ కాఫీ కలిపే కుర్రాడి వయసు పిల్లలే రోజూ నా ఎదురుగా బెంచీల్లో కూర్చుంటారు. యూనివర్సిటీ పెట్టిన ఫీజుకో, మార్చిన సిలబస్‌కో ఏ పిల్లాణ్ణీ నేనెప్పుడూ నిలదీయలేదు. అది వాళ్ల చేతిలో లేదని నాకు తెలుసు కాబట్టి. కాఫీ కొట్టులో ఆ మాత్రం ఆలోచన ఎందుకు రాలేదు? రైల్లో నిలబడి చాలాసేపు ఇదే అడుక్కున్నాను. నాకు దొరికిన జవాబు ఇబ్బందికరమైనదే. కప్పుల్ని నిర్ణయించేవాడు అక్కడ లేడు. ఉన్నవాడు ఎదురు చెప్పలేడు. ఎదురు చెప్పలేనివాడి ముందు మన వాదన ఎంత గట్టిగానైనా వినిపిస్తుంది. అదే యజమాని ఎదురుగా ఉంటే నేను అంత గొంతు లేపి ఉండేదాన్ని కాదు, చేతులు కట్టుకుని మర్యాదగా అడిగేదాన్ని.

జర్మనీ చట్టాన్ని కూడా నేను తప్పుగానే చదువుకున్నానని అప్పుడే తెలిసింది. ఆ చట్టం కొట్టు పెట్టుకున్నవాడితో మాట్లాడుతుంది. కప్పులు అతను సమకూర్చాలి, కడిగే ఏర్పాటు అతను చూసుకోవాలి, సొంత గిన్నెలో పోయొచ్చని పనివాళ్లకి అతను చెప్పాలి. కౌంటరు వెనక కుర్రాడికి ఆ తలనొప్పి లేకుండా అంతా ముందే తేల్చి పెట్టి ఉంటుంది. నేను మాత్రం చట్టం లేకుండా, కొట్టువాడి మాట లేకుండా, ఒక్క గ్లాసు పట్టుకుని వెళ్లి అదంతా ఆ కుర్రాడే తేల్చాలన్నాను, పొద్దున తొమ్మిదింటికి, అంతమంది ఎదురుగా.

తిరిగి వస్తూ మధ్యాహ్నం మూడింటికి అక్కడ దిగాను. కౌంటరు దగ్గర ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లు వెళ్లేదాకా ఆగాను. పెద్ద స్టీలు ఫిల్టరులో సాయంత్రానికి డికాక్షన్ దిగుతోంది. అతను నన్ను గుర్తుపట్టాడు, మొహం కొంచెం బిగుసుకుంది. గ్లాసు బయటికి తీయలేదు. పొద్దున చేసింది తప్పని చెప్పి, వేళ్లు కాలాయా అని అడిగాను. చెయ్యి చూపించాడు. రెండు వేళ్ల మీద ఎర్రగా ఉంది. ఇది రోజూ ఉండేదే మేడం అన్నాడు. ఆ మాటతో నాకు ఊరట రాలేదు గాని, అతను కాస్త తేలికపడ్డట్టు కనిపించాడు. నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె అతనిది. లెక్క అన్నావు కదా, అదేమిటో చెప్పు బాబూ అన్నాను.

"పొద్దున సారు కప్పుల ప్యాకెట్లు లెక్కవెట్టి ఇస్తడు మేడం. రాత్రి మిగిలినయి లెక్కవెడ్తడు. పోయిన కప్పులు, కొట్టిన బిల్లులు ఒక్కటి గావాలె. కప్పు తక్కువ వడ్తే మా జీతంల కటింగు."

కటింగు కప్పు ధర కాదు, కాఫీ ధర. ఒక్కో కప్పుకి ముప్ఫై రూపాయలు.

అతను చెప్పింది విన్నాక కొట్టువాడి వైపు నుంచి కూడా చూడగలిగాను. కాఫీ కొట్టులో కప్పు తప్ప లెక్కకి నిలిచేది ఏదీ లేదు. పాలు పొంగుతాయి, ఇగిరిపోతాయి, గిన్నెకి అంటుకుంటాయి. డికాక్షన్ ఒక పూట చిక్కగా దిగుతుంది, ఒక పూట పల్చగా దిగుతుంది. బిల్లు కొట్టకుండా కాఫీ ఇచ్చి చేతి డబ్బు జేబులో వేసుకుంటే పాలూ డికాక్షనూ చూసి ఎవరూ పట్టుకోలేరు. కప్పు పట్టిస్తుంది. మా గ్లాసుల్లో పోస్తే పట్టించేది ఏదీ ఉండదు. అందుకే పైన కెమెరా ఉంది. స్టీలు గ్లాసులో కాఫీ పోస్తూ కనిపిస్తే సారు దగ్గర్నుంచి ఫోను వస్తుందట. కాఫీ తాగే మనకి కప్పు పారేసే వస్తువు, నడిపేవాడికి అది రసీదు. ఇది తెలియకుండా పేపర్ కప్పు గురించి నేను చదివింది సగమే.

నేను చెప్పినట్టు అనొద్దు మేడం అని అతను అడిగాడు. అనలేదు. బిల్లు మీద ఉన్న నంబరుకి తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, సొంత గ్లాసు తెచ్చుకునేవాళ్లకి బిల్లింగులో వేరే మీట ఒకటి పెట్టించవచ్చు కదా, ఆ బిల్లులకి కప్పు లెక్కలోంచి తీసేయవచ్చు కదా అని యజమానిని అడిగాను. ఆయన ఓపిగ్గానే విన్నారు. ఆ మీట నొక్కి కప్పులోనే పోసి ఆ కప్పు దాచుకుంటే నాకెలా తెలుస్తుంది, మీ గ్లాసు సరిగ్గా కడక్క కడుపునొప్పి వస్తే నా కాఫీనే అంటారు కదా అన్నారు. రెండూ కొట్టిపారేయాల్సినవి కావు. మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు చూద్దాం, పొద్దున మాత్రం కుదరదు అన్నారు. చట్టం గనక ఉంటే ఈ రెండు చిక్కులకీ ఆయనే దారి వెతుక్కునేవారు. లేదు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు. ఇకమీదట నా గొంతు వాడాల్సింది ఆ చట్టం కోసం, నిషేధం జాబితాలో పేపర్ కప్పు చేరడం కోసం. లైను ముందు కాదు.

ఆ మధ్యాహ్నం, లెక్క సంగతి విన్నాక, అతనికి డబ్బు ఇద్దామనుకున్నాను. నాది ఒక్క బిల్లు, వాడినవి రెండు కప్పులు. ఒక కప్పు తక్కువ పడుతుంది, నీ జీతంలో కోస్తారు, ఇది తీసుకో అని ముప్ఫై రూపాయలు బల్ల మీద పెట్టాను. అతను వాటిని నావైపే జరిపాడు.

"తక్కువ వడదు మేడం. మీ ఎనక ఒక పాప ఉండె గద. బిల్లు కట్టింది, కాఫీ తాగలే. ఆమె బిల్లుకు కప్పు పోలే. మీ బిల్లుకు రెండు పోయినయ్. సరిపాయె."

ఆ లెక్క అతను పొద్దునే చూసుకున్నాడన్నమాట. నా రెండో కాఫీకి డబ్బు కట్టింది ఆ అమ్మాయి. ఫోల్డరు పట్టుకుని పరిగెత్తిన అమ్మాయి.

ఆమె మళ్లీ వస్తే ఒక కాఫీ ఇవ్వు, బిల్లు ఇప్పుడే నేను కొట్టిస్తాను అన్నాను. అతను ఒక్క నిమిషం ఆలోచించాడు. మొహం గుర్తులేదన్నాడు. చూసి ఉంటే కదా, అతని చూపు చీటీ దాటి పైకి రాదు. నేను గుర్తులు చెబుతున్నాను, ఫోల్డరు, వయసు. అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇప్పుడు బిల్లు కొడ్తే, ఆమె రాకుంటే, రాత్రికి ఒక కప్పు మిగుల్తది మేడం. బిల్లుంది, కప్పెందుకు పోలేదని సారు అడుగుతడు. ఏమని జెప్పాలె?"

నాకూ ఏమీ తోచలేదు. ఆ ముప్ఫై రూపాయలు వెనక్కి తీసుకున్నాను.